బావ చూసిన బండ

సొరంగం క్యాంపు,
మంగళవారం

ప్రియమైన స్వరూపకు,

ఈ కొండల్లో ఫోను పలకదు కనుక కూరగాయల జీపులో ఉత్తరం పంపుతున్నాను. తవ్వేముందు రోజూ రాడార్‌తో బండను చూసేది నేనే. ఎన్నో రకాల తరంగాలను ఒకేసారి పంపే వైడ్‌బ్యాండ్ రాడార్ కాబట్టి వేలెడు పగులైనా తెరమీద తేటగా కనిపిస్తుంది. తడి బంకమట్టి తగిలితే మాత్రం మూరెడు దాటి ఏమీ తెలియదు. ఆ సంగతి చెబితే ఎవరూ వినరు. నీ తమ్ముడు మల్లన్న తోటి కూలీలతో "మా బావ చూసిండు, ఏం ఫికర్ లేదు" అని అందరికంటే ముందు లోపలికి పోతున్నాడు. నాకు భయంగా ఉంది.

నీ పెనిమిటి,
కృష్ణకాంత్

కట్టంగూర్,
శుక్రవారం

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు. అమ్మకు చెప్పలేదు. మల్లన్న నా మాట వినడు, వాడికి నీ మాటే వేదం. ఏదో ఒకటి చెప్పి వాణ్ణి ఆపు. అబద్ధమైనా సరే, ఆ పాపం నాకే చుట్టుకోనీ.

నీ స్వరూప

సొరంగం క్యాంపు,
బుధవారం

ప్రియమైన స్వరూపకు,

మొన్న తడిమట్టి తగిలింది. తెరమీద ఏమీ కనిపించకపోతే లోపల ఏమీ లేదనే మా ఇంజినీరు లెక్క. అందుకని బండ లోపల బోలు కనిపించిందని రిపోర్టులో అబద్ధం రాశాను. పని ఆపి డ్రిల్లు వేశారు. గట్టి బండే తేలింది. అందరి ముందూ తిట్లు తిన్నాను. మల్లన్న సిగ్గుతో నాతో పలకడం లేదు. ఆదివారం ఇంటికి వస్తాడు, నువ్వే సర్దిచెప్పు.

నీ కృష్ణకాంత్

కట్టంగూర్,
సోమవారం

ప్రియమైన బావకు,

తమ్ముడు వచ్చి వెళ్లాడు. వాడు నిన్ను తీసిపారేసి మాట్లాడితే ఓర్వలేక, ఆ అబద్ధం ఆడించింది నేనేనని చెప్పేశాను. వాడి కోపం దిగిపోయింది. ఇక మీరిద్దరూ కలిసి తినండి.

నీ స్వరూప

సొరంగం క్యాంపు,
గురువారం

స్వరూపా,

ఈ పొద్దున రాడార్‌లో జానెడు పగులు కనిపించింది. ఈసారి నిజం. ఇంజినీరు నమ్మలేదు. మల్లన్న చెయ్యి పట్టుకుని పోవద్దన్నాను. వాడు నవ్వాడు.

"అక్క చెప్పిందా బావా?"

చెయ్యి విడిపించుకుని పోయాడు. గంటకే పైకప్పు కూలింది. మిగతావాళ్లు బయటపడ్డారు, వాడొక్కడే లోపల ఉన్నాడు.

అదే రాడార్‌తో మట్టికింద వాడి ఊపిరి వెతుకుతున్నాను. ఛాతీ కాస్త ఆడినా పసిగడుతుంది, కానీ చుట్టుపక్కల ఎవరు కదిలినా ఆ కదలికనూ ఊపిరిలాగే చూపిస్తుంది. అందుకని అందర్నీ కదలకుండా నిలబెట్టి, నీళ్లు తోడే మోటార్లు ఆపించి చూడాలి. మోటార్లు ఆగితే లోపల నీళ్లు పెరుగుతాయి. రెండుసార్లు చూశాను, ఏమీ కనిపించలేదు. తడిమట్టిలో దాన్ని నమ్మొద్దని ఇంజినీరును బతిమాలాను. ఇంకా తవ్వుతున్నారు.

మీ అమ్మను ఇక్కడికి తీసుకురాకు. ఆమె గుండెలు బాదుకుంటుంటే కదలొద్దని నేను చెప్పలేను.

కృష్ణకాంత్