ప్రణతికి దొరికిన యాంకరు

బందరు,
సోమవారం

మావయ్యకి ప్రణతి నమస్కారాలు. అత్తయ్యని అడిగానని చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుకోకు. మనసులో మాట నమ్మకమైన మనిషికి చేత్తో రాయమని మా కోచ్ శ్యామ్ సుందర్ గారు చెప్పారు. నువ్వే గుర్తొచ్చావు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిందని అందరూ సంబరపడ్డారు గానీ, క్లాసులో నిలబడితే నాకు గుండె దడ, నోరు ఎండిపోవడం. మొదట్లో ఓ రోజైతే హాజరు పిలిచి బయటికొచ్చేశాను. ఇలాగే ఉంటే ఉద్యోగంలో ఉంచరు. అందుకే ఆదివారాలు గుడివాడ వెళ్లి ఎన్‌ఎల్‌పీ కోచింగ్ తీసుకుంటున్నాను. మనసు ఆలోచించే తీరు మార్చుకునే పద్ధతి అది. ఇప్పుడు ఓ యాంకర్‌ని కూడా చూసుకున్నాను. క్లాసుకి వెళ్లేముందు తలుచుకుంటే చాలు, ప్రాణం కుదుటపడుతోంది.

నీ మేనకోడలు
ప్రణతి

తా.క.: అమ్మకి చెప్పకు. నాకు గుండె దడ అని వింటే ముందు ఆవిడకి వస్తుంది.

కృత్తివెన్ను,
గురువారం

చి. ప్రణతికి మావయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. మీ అత్తయ్య రావమ్మ సగం చదివేసరికే విషయం పట్టేసింది. "తలుచుకుంటే ప్రాణం కుదుటపడటం కోచింగు కాదండీ, అది వేరే" అంది. తప్పేం లేదమ్మా. ఏ చానల్లో యాంకరు? వార్తలా, వంటలా? వంటలైతే మాకు మరీ సంతోషం. అబ్బాయి ఇంటిపేరు రాయి. మీ అమ్మని నేను ఒప్పిస్తాను.

మావయ్య
చిన్నబాబు

తా.క.: వాళ్లింట్లో రొయ్యలు తింటారో లేదో కనుక్కో. చెరువులేసుకు బతికేవాళ్లం, మనకది ముఖ్యం.

బందరు,
శనివారం

మావయ్యా, దండం పెడతాను, యాంకర్ అంటే మనిషి కాదు. లంగరు. బొటనవేలు, చూపుడువేలు కలిపి నొక్కుతూ, మనసు నిమ్మళంగా ఉన్న రోజొకటి తలుచుకోవాలి. అలవాటైతే వేళ్లు నొక్కగానే ఆ నిమ్మళం వస్తుంది. నేను తలుచుకునేది, చిన్నప్పుడు నువ్వు నన్ను సైకిల్ మీద చెరువుగట్టంతా తిప్పిన రోజు.

పోయిన వారం కోచ్ గారు నాకు ఫ్రేమ్ కూడా మార్చారు. పిల్లలు నవ్వుతారని వణికే పాత ప్రణతి పోయింది. కొత్త ఫ్రేమ్‌లో చూస్తే, వాళ్లకీ నేనంటే భయమే.

నీ
ప్రణతి

తా.క.: నిన్న గంటసేపూ పాఠం చెప్పాను. బెల్లు కొట్టినా ఆపలేదని పిల్లలు విసుక్కున్నారు.

కృత్తివెన్ను,
బుధవారం

చి. ప్రణతికి,

నీ ఉత్తరం చదివి అత్తయ్య అన్నం మానేసింది. వేళ్లు నొక్కితే మనసు మారడమేంటి? పాత ప్రణతి పోవడమేంటి? బతికున్న పిల్లకి ఫ్రేమ్ కట్టినవాడు కోచ్ కాదు, మంత్రగాడు. పక్క చెరువు లక్ష్మయ్యా అదే అన్నాడు. ఈ ఆదివారం నువ్వు వెళ్లకు. శనివారమే బంటుమిల్లి మీదుగా మేం వెళ్లి అతని సంగతి చూస్తాం.

కోపంగా ఉన్న
మావయ్య

తా.క.: నాకు భయమేం లేదు. అత్తయ్య తోడొస్తోంది.

కృత్తివెన్ను,
ఆదివారం

బంగారుతల్లి ప్రణతికి,

వెళ్లొచ్చాం. శ్యామ్ సుందర్ గారు బక్కపల్చటి మనిషి. తలుపు తీయగానే అత్తయ్య "మా పిల్లకి ఫ్రేమ్ కట్టింది నువ్వేనా?" అంది. ఆయన చేతిలో టీ వణికి చొక్కా మీద ఒలికింది. రెండో చేతివేళ్లు తెగ నొక్కుకుంటున్నారు పాపం. చివరికి అత్తయ్యే ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"మీరే వణుకుతుంటే మా పిల్లకేం నేర్పుతారండీ?" అన్నాను.

"వణుకు ఉండబట్టే నేర్చుకున్నానండీ. ఇప్పటికీ మొత్తం పోలేదు, సర్దుకోవడం వచ్చిందంతే. ఇది అందరికీ సరిపడదు కూడా. ఎక్కువైతే డాక్టరుకి చూపించుకోమని ప్రణతి గారికీ చెప్పాను" అన్నారు. గొప్పలు చెప్పని మనిషి, నాకు నచ్చారు.

తర్వాత, నాకు దేనికైనా భయమా అని అడిగారు. లేదని చెప్పబోయాను. ఈలోగా మీ అత్తయ్య, "కిందటేడు రొయ్యలు చచ్చిపోయిన దగ్గర్నుంచి, మబ్బు పడితే చాలు, నీళ్లలో గాలి తగ్గుతుందని కంచం ముందునుంచి లేచిపోతారు. రాత్రిళ్లు లేచి గట్టు మీద తిరుగుతారు. నాకు తెలీదనుకుంటారు" అంది.

ఇంక దాచడానికేం మిగల్లేదు. అక్కడే కూర్చుని చాలాసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో గుర్తులేదు గానీ, బరువు దిగినట్టుంది. వచ్చే ఆదివారం నుంచి నేనూ వస్తున్నాను. గుడివాడ బస్టాండులో కలుద్దాం.

నీ తోటి విద్యార్థి
చిన్నబాబు

తా.క.: ఇవాళ మబ్బు పట్టినా మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను. మీ అత్తయ్య మాటిమాటికీ వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.