బడి సారుకు ఒక మాట

అంకిస, మహారాష్ట్ర, ఆగస్టు 1984, మంగళవారం

సాయంత్రం ట్యూషన్ అయ్యాక రాజేశ్వరి వాళ్లమ్మ లచ్చక్క చేపలు తీసుకుని మొదటిసారి మా ఇంటికి వచ్చింది. బడి మొహం ఎన్నడూ చూడని మనిషి.

"మీ దయతోని పిల్లకు లెక్కలొస్తున్నయ్ సారు. బడిల సారు మరాఠీల గడగడ చదివి పోతడంట. ఒక్క ముక్క సమజ్ కాదంట. మీరు తెలుగుల మంచిగ చెప్తరంట" అంది.

ఆ బడి సారు నేనే. రాజేశ్వరి తల వంచుకుని నేల చూస్తోంది. లోపల మా ఆవిడ దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"పాపం, ఆయనేం చేస్తాడు? పుస్తకం మరాఠీది" అని ఆయన తరఫున అన్నాను.

"మీ తాన ఉన్నది గూడ గదే పుస్తకం గద సారు" అంది.

నేను చేపలు అందుకున్నాను.

"జర మీరే ఆయనకు చెప్పుండ్రి. సారు మాట సారు ఇంటడు."

చెప్తానన్నాను. చేపల పులుసు బాగా కుదిరింది. రేపు పొద్దున బడిలో ఆయనతో మాట్లాడాలి. వింటాడన్న నమ్మకం లేదు. బడిలోనే తెలుగులో చెప్పేస్తే ఇక ట్యూషన్‌కు ఎవరొస్తారని అడుగుతాడు.