ముందు బొటనవేళ్లు

మామ్మా,

నిన్న మన అల్లవరం చర్చిలో నా పెళ్లయింది. నువ్వు రాలేకపోయావు కదా, అందుకే రాస్తున్నాను. బ్యాండు పెట్టించారు, మైకు సెట్టు పెట్టించారు. అయినా నేను పారిపోలేదు!

బాబాయి పెళ్లిలో బ్యాండు మొదలవగానే చెవులు మూసుకుని వెనక గదిలో దాక్కున్నాను, గుర్తుందా? "ఈ పిల్లకి రేపు పెళ్లెలాగవుద్దండీ?" అన్నారు చుట్టాలు. నువ్వు మాత్రం వచ్చి నా పక్కన చల్లటి గచ్చు మీద కూర్చున్నావు. "ముందు బొటనవేళ్లని పలకరించవే. అవి 'ఆయ్, సరే' అన్నాకే పైకి రా. తొందరేం లేదు," అన్నావు. ఆ తర్వాత పాదాలు, మోకాళ్లు, పొట్ట, భుజాలు. ఏదైనా పలక్కపోతే గద్దించకుండా అక్కడే కాసేపు ఆగమనేదానివి.

నిన్న పట్టుచీర ఒళ్లంతా గీరుకుంది, మల్లెల వాసన తలకెక్కింది. పాస్టరుగారు మైకులో "ఈయన్ని భర్తగా అంగీకరిస్తున్నావా అమ్మా?" అని అడిగేసరికి నేనింకా మోకాళ్ల దగ్గరే ఉన్నాను. అమ్మ మొహం పాలిపోయింది. మా ఆయనకి నీ పద్ధతి ముందే చెప్పి ఉంచాను. "కంగారేం లేదండీ, చెబుతుంది," అన్నారు పాస్టరుగారితో మెల్లగా.

చెప్పుల్లేని పాదాలు గచ్చుకి ఆనించి, ఒక్కొక్కదాన్నీ పలకరిస్తూ గొంతు దాకా వచ్చాను. పాస్టరుగారు నేర్పిన జవాబు మరిచిపోయి, మైకులో గట్టిగా "ఆయ్!" అన్నాను.

చర్చంతా నవ్వింది. నవ్వుకోనీ. బొటనవేళ్ల నుంచి గొంతు దాకా అందరినీ అడిగి ఒప్పుకున్న పెళ్లికూతురు ఈ చుట్టుపక్కల ఇంకెవరుంది మామ్మా?