నీ శూన్యంలో నా చోటేదీ?

మావా,

బాగున్నావా అని అడగబోయి ఆగాను. నువ్వు పోయి ఏడాది దాటింది. మొన్ననే సంవత్సరీకం పెట్టాం. వచ్చినవాళ్ళంతా భోజనాలు చేసి, నిన్ను మెచ్చుకుని వెళ్ళారు. ఎంత నిబ్బరంగా పోయాడమ్మా, ఎవరినీ కష్టపెట్టలేదు అన్నారు. నేను విస్తళ్ళు తీస్తూ విన్నాను.

విన్నాను గానీ... నన్ను కష్టపెట్టలేదని వాళ్ళకెవరు చెప్పారు?

ముందు ఇంటి సంగతులు చెబుతాను. గాజువాకలో మన వీధి చివరిదాకా ఇళ్ళు వచ్చేశాయి. స్టీల్ ప్లాంటు పనికి లారీలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ఆరేసిన బట్టల మీద ఎర్రటి దుమ్ము. నీ బదులు పోర్టు క్యాంటీన్లో నాకు పని ఇచ్చారు. మన పద్మ పదో తరగతికి వచ్చింది. అన్నం కలిపి, తినడం మరిచిపోయి, ఎటో చూస్తూ కూర్చుంటుంది... అచ్చం నీలాగే.

నిన్ను పెళ్ళి చేసుకున్నప్పుడు మా ఆనందపురంలో అందరూ, రంగం కుర్రాడంట అని వింతగా చెప్పుకున్నారు. రంగూన్ అనడానికి నోరు తిరగని మా పెద్దవాళ్ళకి బర్మా అంతా రంగమే. మీ తాత కూలికోసం ఓడెక్కి అక్కడికి వెళ్ళాడు. నువ్వు అక్కడే పుట్టి, అక్కడి బౌద్ధమఠంలో అక్షరాలు దిద్దుకున్నావు. అక్కడి ప్రభుత్వం మనవాళ్ళని ఉండనివ్వని రోజులొచ్చాక కట్టుబట్టలతో విశాఖపట్నం రేవులో దిగారు మీరంతా. అన్నీ అక్కడే వదిలేసినా, మఠంలో పెద్దస్వామి చెప్పిన ఒక్క మాట మాత్రం వెంట తెచ్చుకున్నావు.

శూన్యం.

కొత్తలో ఆ మాట వింటేనే నాకు గుబులుగా ఉండేది. శూన్యమాసంలో శుభకార్యమే తలపెట్టని ఇంటి పిల్లని నేను. ఏమీ లేదు, ఏమీ లేదు అనుకుంటూ కూర్చుంటే సంసారం ఎలా చేస్తామని నీతో దెబ్బలాడాను. నువ్వు పకపకా నవ్వావు.

"ఏటీ నేదని ఎవులన్నారే? అన్నీ ఉన్నాయి. ఒంటిగా ఏదీ నేదు, అంతే."

నాకు అర్థం కాలేదని ఆయుధపూజ నాడు పోర్టుకి తీసుకెళ్ళావు. నువ్వు నడిపే క్రేనుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దాని కింద నిలబెట్టి అడిగావు.

"బస్తాల్ని ఎత్తేది ఇదేనా? తాడు తీసీ, ఎత్తుతాదేటి? కరెంటు తీసీ. నన్ను దించీ. కిందనున్నోడు సెయ్యి ఊపకపోతే నానేటి సేత్తాను? మరి ఎత్తింది ఎవులే? ఇదుగో ఇదీ అని ఒకదాన్ని సూపించు, సూద్దాం."

నేను తాడుని చూపించబోయి, మళ్ళీ నిన్ను చూపించబోయి, నవ్వేశాను. ఆ తర్వాత ఇల్లంతా నీ పాఠశాలే. చేపల పులుసు వండితే, ఇందులో పులుసేదే అని అడిగేవాడివి. చింతపండు మా నాన్న పంపించింది, చేప సముద్రంలోది, ఉప్పు ఎవరో ఎండలో నిలబడి తీసింది... ఒకరోజు ఒళ్ళు మండి ఖాళీ కంచం నీ ముందు పెట్టి, శూన్యం తిను అన్నాను. కంచం నెత్తిన పెట్టుకుని గంతులేశావు. పద్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులన్నీ నిజమేనా మావా? ఇప్పుడు వాటిని కూడా అనుమానంగా తిరగేసి చూస్తున్నాను.

ఎందుకంటే ఆ చివరి ఏడాది...

ఉన్నట్టుండి ఒక్కొక్కటీ ఇచ్చెయ్యడం మొదలుపెట్టావు. సైకిలు, నీ క్రేను కింద చెయ్యూపే జతగాడు అప్పలస్వామి అన్నకి. రేడియో పక్కింటి ముసలాయనకి. ఇష్టపడి కొనుక్కున్న చేతిగడియారం మీ తమ్ముడికి. ఎందుకని అడిగితే, "నాది అన్నది తీసీ, బరువు తగ్గిపోద్ది" అన్నావు. నాకు కోపం రాలేదు సరికదా, గర్వంగా ఉండేది. నా మొగుడు సంసారంలో ఉంటూనే స్వామి అయిపోతున్నాడని కుళాయి దగ్గర అందరికీ చెప్పుకున్నాను.

అప్పుడే మా చెల్లి లక్ష్మికి నెలలు నిండాయి. మాకు అమ్మ లేదు. నేను వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడుతుంటే నువ్వే తరిమావు.

"ఎల్లే. దానికి తల్లివైనా అప్పవైనా నువ్వే కదా. నాకేటౌతాది? పద్మా నానూ వండుకు తింటాం. పురుడయ్యాక మరో రెండు నెల్లుండి రా, పరవానేదు."

బస్సెక్కించి, అది కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డావు. ఆదివారాలు పద్మని తీసుకుని ఆనందపురం వచ్చేవాడివి. వచ్చిన ప్రతిసారీ చొక్కా కాస్త వదులుగా కనిపించేది. అడిగితే, "నీ సేతి కూడు నేక సిక్కిపోతన్నాను" అనేవాడివి. నేను మురిసిపోయాను. సిగ్గుపడ్డాను కూడా, ఇంత వయసొచ్చి.

నేను తిరిగొచ్చిన కొన్నాళ్ళకే పెరట్లో మొహం కడుక్కుంటూ కూలబడిపోయావు. ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. పిడుగుపాటు అనుకున్నాను. దేవుణ్ణి తిట్టుకున్నాను.

దేవుడికి పాపం ఏమీ తెలియదు. నీ పదకొండో రోజున అప్పలస్వామి అన్న పందిరి గుంజ పట్టుకుని నిలబడి, నా మొహం చూడకుండా చెప్పాడు.

"సెల్లెమ్మా, బావకి ముందే తెలుసు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉన్నాది, ఇంక మందు నేదని డాక్టరు సెప్పీసినాడు. నానూ కూడా ఎల్లినాను. ఆ పిచ్చిది తట్టుకోనేదు, సెప్పకురా అన్నాడు. ఇంక నా వల్ల కాదమ్మా..."

ఆ పిచ్చిది. అంటే నేను.

నీ క్రేను కింద చెయ్యూపే మనిషికి తెలుసు. నీ పక్కన పడుకునే మనిషికి తెలియదు. ఎలా చెయ్యగలిగావు మావా ఆ పని?

సైకిలు ఇచ్చేసినట్టు, రేడియో ఇచ్చేసినట్టు... నన్ను కూడా ఇచ్చేశావా? నీ దగ్గర కూర్చోవలసిన నెలల్లో ఆనందపురంలో పక్కింటివాళ్ళతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాను. నా నుంచి ఆ రోజుల్ని నువ్వే తీసేసుకున్నావు. వాటిని ఎవరు తెచ్చిస్తారిప్పుడు?

ఒంటిగా ఏదీ లేదన్నావు. మరి నీ జబ్బొక్కటే ఒంటిగా నీదెలా అయింది? నువ్వు దగ్గుతుంటే లేచి నీళ్ళిచ్చింది నేను కాదూ? నీ ఒళ్ళు తగ్గితే నా గాజులు కూడా వదులవ్వాలి కదా? ఇల్లు నాది కాదు, వస్తువు నాది కాదు, ఒళ్ళు నాది కాదు అన్నవాడివి... చావు మాత్రం నాది అని గుప్పిట్లో పెట్టుకుని పోయావు.

ఆ పెద్దస్వామి నీకు ఇదే నేర్పాడా?

చాలాకాలం నీ శూన్యం అంటేనే రోత పుట్టింది నాకు. అదంతా నువ్వు కప్పుకున్న ముసుగని తేల్చేసుకున్నాను. అప్పలస్వామి అన్నతో మాట మానేశాను. రోజూ క్యాంటీనుకి వచ్చేవాడు. మొహం చూడకుండా టీ పోసిచ్చేదాన్ని. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వెళ్ళిపోయేవాడు. క్యాంటీన్లో ఇంకెవరూ గ్లాసు కడగరు.

ఒకరోజు రాలేదు. షిఫ్టు మారే సైరను మోగింది, జనం వచ్చారు, వెళ్ళారు. నా కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి. ఏదో పని తెమలనట్టు చిరాకు. అప్పుడు నాకే విచిత్రంగా అనిపించింది... కోపగించుకోవడానికి కూడా ఆ మనిషి ఎదురుగా కావలసి వచ్చాడు!

టీ బాయిలరు పక్కన స్టూలు మీద కూలబడి ఆలోచించాను. నా కోపం ఒక బండరాయి అనుకున్నాను ఇన్నాళ్ళూ. చూస్తే అందులో అన్నీ ఉన్నాయి. బస్సు కిటికీ దగ్గర నీ మొహం ఉంది. లక్ష్మి బిడ్డ ఉంది. నీ మీద నా ఆశ ఉంది. ఒక్కొక్కటీ తీస్తూ పోతే కోపమని చూపించడానికి విడిగా ఏమీ మిగలదు. అలాగని కోపం లేదా? ఉంది మావా. ఇప్పటికీ నిప్పులా ఉంది. కానీ ఒంటిగా లేదు. నిన్ను ఇష్టపడకపోతే ఇది పుట్టేదే కాదు.

నువ్వు ఏళ్ళ తరబడి చెప్పింది ఇదేనా? అయితే శూన్యం గురించి నువ్వు అబద్ధం చెప్పలేదు. అబద్ధం చేశావు. చెప్పిన నిజం పెద్దదో, చేసిన అబద్ధం పెద్దదో నాకు తెలియడం లేదు...

మర్నాడు అప్పలస్వామి అన్న వస్తే, "నిన్న రానేదేటన్నా?" అని అడిగాను. జ్వరమమ్మా అన్నాడు. తొందరగా గ్లాసు అందుకోబోయి టీ బల్ల మీద ఒలకబోశాడు. గుడ్డ తెచ్చి నేనే తుడిచాను.

ఇంక అసలు సంగతి. మొన్న సంవత్సరీకానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం పద్మ నా పక్కన చేరింది. "అమ్మా, నాయన్నకి ఏటీ తెలీకుండానే పోనాడు కదా? బాధపడనేదు కదా?" అంది.

ఔనమ్మా అంటే చాలు. ఆ పిల్ల మనసు కుదుటపడుతుంది. ఆ మాట నా నాలుక మీదే ఉంది, ఎంత తేలికగా ఉందో, ఎంత ప్రేమలా ఉందో! నువ్వు ఎక్కడ జారావో ఆ క్షణంలో నాకు తెలిసింది మావా. నిన్ను కాస్త జాలిగా కూడా చూశాను. కానీ నేను జారలేదు.

చెప్పేశాను. అంతా. డాక్టరు సంగతి, ఆనందపురం సంగతి, నీ ఆదివారాల సంగతి.

పద్మ లేచి, "నానూ ఇంట్లోనే ఉన్నాను కదా! వండి పెట్టినాను కదా! నాకూ సెప్పనేదేటి?" అని అరిచింది. నీ మీద కోపం నా భుజాల మీద తీర్చుకుంది, పిడికిళ్ళతో. కొట్టనిచ్చాను. అలిసిపోయి ఒళ్ళో తల పెట్టుకుంది. నా కొంగు పట్టుకుని, "నీకేటైనా అయితే నాకు సెప్తావా?" అంది.

సెప్తాను అన్నాను. నీకూ అదే మాట ఇస్తున్నాను. ఈ ఇంట్లో ఇకమీదట ఎవరి బాధా వాళ్ళ ఒక్కరిదే కాదు. నిన్ను క్షమించానని మాత్రం రాయలేను, ఇంకా రాలేదు అది.

ఆ సాయంత్రం పద్మ తనే లేచి పొయ్యి వెలిగించింది. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం, నిన్ను తిట్టుకుంటూ. ఒక్కదాన్నే తిట్టుకున్నప్పటికంటే తేలికగా ఉంది.

ఇప్పటికీ నీ భార్యనే,
సీతమ్మ