రెండో గంటకి వచ్చిన నల్లటోపీ

విక్టోరియా, మాహె దీవి, సెషెల్స్

లాదీగ్ దీవిలో ఉంటున్న ఎర్మాన్స్ అక్కకి తమ్ముడు సెరాఫిన్ రాసేది,

లాదీగ్ ప్రజలకీ, చర్చి ఫాదరు గారికీ, ఎడ్లబళ్ళ వాళ్ళకీ, వీలైతే ఎడ్లకీ తెలియజేయడమేమనగా: పోయిన నా నల్ల గొడుగు దొరికినది. ఈ శుభ సందర్భంలో రాజధానిలో తుపాకులు పేల్చలేదు, ఆఫీసులకి సెలవియ్యలేదు. మా ఆవిడ జెల్మా మాత్రం కూర కలుపుతూ, తలెత్తకుండానే "ఊఁ" అంది.

ఇక నీ సంగతి. ఉత్తరం అందింది. పడవ నడిపే సరంగు దాన్ని ఎండుచేపల బుట్టలో పెట్టి తెచ్చాడు, చదువుతున్నంతసేపూ ఆకలేసింది. నాకర్థమైంది ఇదీ. మన ఓదెట్‌ని కొడుక్కి చేసుకోవాలని ప్రాలాన్ దీవి తియొడోర్ లబిష్ గారికి సగం మనసుంది. మిగతా సగం మనం ఎలాంటివాళ్ళమో చూసి తేల్చుకుంటారు. గురువారం పడవలో ఇక్కడికొస్తున్నారు. పెళ్ళి సూటు కుట్టించుకునేదాకా చర్చి పక్కన చుట్టాలింట్లో ఉంటారు. ఈలోపల నేనాయనకి పట్నం చూపించాలి. మెచ్చితే లాదీగ్ వచ్చి పద్ధతిగా పిల్లనడుగుతారు. మెచ్చకపోతే పిల్ల ఏడుస్తుంది. బావ పోయాక నువ్వు ఒంటిచేత్తో పెంచిన పిల్ల. నేను చెడగొడతానా?

"నోరు అదుపులో పెట్టుకో" అని ఒకే ఉత్తరంలో అన్నిసార్లు రాయక్కర్లేదు. మాటిస్తున్నా, ఒక్క అబద్ధం కూడా ఆడను.

నీ తమ్ముడు
సెరాఫిన్

తా.క. ఒకటో రెండో ఆడినా అవి పట్నం గురించే గానీ మన గురించి కావు.

*

లాదీగ్

ఒరేయ్ సెరాఫిన్,

నీ గొడుగు సంగతి ఎడ్లకి చెప్పాను. పట్టించుకోలేదు.

సరిగ్గా చదువు. గురువారం నాలుగు కొట్టగానే పొడుగు జెట్టీ మీద ఉండు. ఆయనకీ అదే కబురు పంపాను. పొడగరి, నల్లటోపీ, నల్లకోటు, చేతిలో సంచీ. ఆయన నవ్వడు. తన పెళ్ళి ఫొటోలో కూడా నవ్వలేదు, నేను చూశాను. కాబట్టి నువ్వు నవ్వించడానికి ప్రయత్నించకు. గడియార స్తంభం చూపించు, పెద్ద చర్చి చూపించు, తోటలో తాబేళ్ళని చూపించు, ఇంటికి తీసుకెళ్ళి జెల్మా చేత అన్నం పెట్టించు. కల్లు పొయ్యకు. తాబేలు నీకు మేనమామ అని చెప్పకు. కిందటిసారి మా ఫాదరు గారికి అలాగే చెప్పావు. ఆయన దానికి దణ్ణం పెట్టొచ్చారు.

ఓదెట్ ఆయన కొడుకు ఆ గాస్తోన్ తప్ప ఇంకెవరూ వద్దంటోంది. పళ్ళెం ముందు కూచుని పప్పులో గీతలు గీస్తోంది. ఈ సంబంధం పోయిందా, నేనే పట్నమొచ్చి నిన్ను తెడ్డుతో కొడతాను.

మీ అక్క
ఎర్మాన్స్

తా.క. నా తమ్ముడు మార్కెట్‌లో ఉంటాడని చెప్పాను. ఆయన నువ్వు అధికారివనుకున్నట్టుంది. నేను అవుననలేదు, కాదనలేదు. ఆ చేపల కత్తి కనపడనివ్వకు.

*

విక్టోరియా

అక్కా,

పని పండింది. ఓదెట్‌ని పప్పు తినమను.

నాలుక్కి జెట్టీ మీదికి వెళ్ళాను. నల్లటోపీ, నల్లకోటు, సంచీ, నువ్వు చెప్పినట్టే నిలబడి ఉన్నాడు. "ప్రాలాన్ నుంచేనా అండీ?" అన్నా. "అవునండీ" అన్నాడు. "మీకోసమే వచ్చాను, పట్నం చూపిస్తా, రండి" అన్నా. నన్ను ఎగాదిగా చూసి, "స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి ఏర్పాట్లు కూడా చేశారన్నమాట!" అన్నాడు. పాపం, కొత్త.

ముందు గడియారం దగ్గరికి తీసుకెళ్ళాను. "ఇంతేనా?" అన్నాడు. వెండిరంగు వేసి ఉంది కదా, తళతళలాడుతోంది గానీ, పక్కన మామిడికాయలమ్మే ఆవిడ బుట్ట నెత్తిన పెట్టుకుంటే గడియారం కన్నా ఆవిడే పొడుగ్గా కనిపిస్తుంది. "తెల్లదొరలు పెద్దదే పంపారండీ, సముద్రం మీద తడిసి కుంచించుకుపోయింది" అన్నా. "దీనికి నోరు కూడా లేదు, గంట కొట్టదు. అందుకే దీని వంతు కూడా కలిపి పెద్ద చర్చి గంట రెండేసిసార్లు కొడుతుంది." ఆయన నవ్వాడక్కా! మోకాళ్ళు పట్టుకుని నవ్వాడు. మామిడికాయలావిడ మంచినీళ్ళిచ్చింది.

తర్వాత ఫౌంటెన్ మీది విక్టోరియా రాణిగారి బొమ్మ. మూరెడు కూడా ఉండదు కదా. "మిగతా రాణి ఏదీ?" అని ఆయనే అడిగాడు. "వాయిదాల్లో వస్తోందండీ" అన్నా. మళ్ళీ నవ్వు. తోటలో జోడుకొబ్బరి చెట్టు చూపించబోతే, "ప్రాలాన్ వాడికి జోడుకొబ్బరి చూపిస్తారేమిటయ్యా, మేం వాటి కింద పుట్టినవాళ్ళం" అని నా వీపు మీద ఒక్కటిచ్చాడు. చెయ్యి గట్టిది. తాబేలు గురించి నేనేం చెప్పలేదు. ఆయనే దాని మొహం చూసి, "మీ చుట్టమా?" అన్నాడు.

అక్కడే చెట్టు కింద కూచుని మన విషయం ఎత్తాను. పేరు చెప్పి పరువు తియ్యడం ఎందుకని, "లాదీగ్‌లో మా ఆడమనిషి ఒకావిడ ఉంది" అని మొదలుపెట్టాను. కొబ్బరిపాలల్లో ఆక్టోపస్ వండితే గిన్నె కడగక్కర్లేదన్నా. పెరట్లో మూడు సీమపనస చెట్లు, సొంత ఇల్లు, గొంతెత్తి మాట్లాడదు, తెగ నవ్వుతుంది అన్నా. పైకప్పు కాస్త కారుతుందని కూడా చెప్పాను, నిజాయితీకి. "ఎటువైపు కారుతుంది?" అన్నాడు. పిల్లనడిగేవాడికి పైకప్పుతో ఏం పనో! "సముద్రం వైపు" అన్నా. తలూపి, సంచీలో చెయ్యి పెట్టి ఏవో మేకులు లెక్క చూసుకున్నాడు.

కల్లు పొయ్యలేదు. ఆయనే పోశాడు.

నీ తమ్ముడు
సెరాఫిన్

తా.క. ఆయన నవ్వడని రాశావు. నవ్వి నవ్వి టోపీ ఫౌంటెన్‌లో పడేసుకున్నాడు. మేమిద్దరం తెడ్డుకోసం వెతికాం. నువ్వు గుర్తొచ్చావు.

*

లాదీగ్

సెరాఫిన్,

నిన్ను పేరు పెట్టి పిలవడానికి కూడా నాకు మనసొప్పడం లేదు.

నీ ఉత్తరంతో పాటు అదే బుట్టలో ఇంకో ఉత్తరం వచ్చింది. తియొడోర్ లబిష్ గారిది. మొత్తం రాస్తున్నాను, ఎంతో లేదు: "అమ్మా, నాలుగు కొట్టింది. ఎవరూ రాలేదు. వెళ్ళిపోయాను. మాట మీద నిలబడని ఇంటి పిల్లని తెచ్చుకోవడం గురించి ఆలోచించాలి."

ఎవణ్ణిరా నువ్వు తిప్పింది? ఎవడితోరా మా పైకప్పు కారుతుందని చెప్పింది? ఓదెట్ ఉత్తరం చదివి తలుపేసుకుంది. నేను వంటింటి కిటికీలోంచి గిన్నె అందించి వస్తున్నాను. ఆయన సూటు తయారయ్యేలోపల వెళ్ళి కాళ్ళు పట్టుకుంటావో, టోపీ పట్టుకుంటావో నాకు తెలీదు. పిల్ల బతుకు నీ నోట్లో ఉంది. ఈసారి దాన్ని మూసుకుని కాపాడు.

ఎర్మాన్స్

తా.క. మేకులేమిటి?

*

విక్టోరియా

అక్కా,

ముందు మంచిమాట. తియొడోర్ గారు మెత్తబడ్డారు. తర్వాత ఎలాగో చెప్తాను.

తప్పెక్కడ జరిగిందంటే, గంట దగ్గర. చర్చి గంట నాలుగు కొట్టి, కాసేపాగి మళ్ళీ నాలుగు కొడుతుందా. పట్నంలో మొదటి గంట వింటే చెప్పుల కోసం చూసుకుంటాం, రెండో గంటకి బయల్దేరతాం. పుట్టిందగ్గర్నుంచీ మాకదే అలవాటు. నువ్వు "నాలుగు కొట్టగానే" అన్నావు. ఆయన మొదటి నాలుక్కి నిలబడ్డాడు, ఆ ఆఖరి దెబ్బ అయ్యేసరికి సంచీ ఎత్తుకుని పోయాడు. నేను రెండో నాలుక్కి వెళ్ళాను. ఆ రెండింటి మధ్యలో ఇంకో నల్లటోపీ పడవ దిగింది. ఆ వయసు వాళ్ళందరికీ పట్నమొస్తే అదేగా వేషం! నీ ఉత్తరం చదివాకే నాకు తెలిసింది. వాకబు చేశాను. ఆయన పేరు అరిస్తీద్. పడవలు చేసే మనిషి, రాగి మేకులకి వచ్చాడు. భార్య పోయి చాన్నాళ్ళయింది. పాపం, కొత్తగా వచ్చిన సర్కారు అందరికీ ఇలాగే పట్నం చూపిస్తుందనుకున్నాడు.

ఇప్పుడు తియొడోర్ గారి సంగతి. చుట్టాలింటికెళ్ళి, గంట గొడవ చెప్పి, టోపీ తీసి నిలబడ్డాను. "పద" అన్నారు. నీకిచ్చిన మాట గుర్తుంది. చచ్చినా అబద్ధమాడకూడదనుకున్నా.

గడియారం దగ్గర, "ఇది గడియారమండీ" అన్నా. చూశారు. రాణి దగ్గర, "బొమ్మండీ. చిన్నది" అన్నా. చూశారు. తోటలో తాబేలు దగ్గర నాలిక చివర ఏడు అబద్ధాలు వరసలో నిలబడ్డాయక్కా. మింగాను. "దీని వయసెంత?" అన్నారు. "తెలీదండీ." "ఏం తింటుంది?" "ఆకులండీ." "మగదా?" "తెలీదండీ. ఎప్పుడూ అడగలేదు." పట్నమంతా అరగంటలో అయిపోయింది. అబద్ధాలు తీసేస్తే ఈ రాజధాని ఎంత చిన్నదో నాకూ ఇవాళే తెలిసింది. 

నేను చేపలు కోసేవాణ్ణని కూడా చెప్పేశాను. కత్తి చూపించాను. మార్కెట్‌లో మా బల్ల ముందు, తెల్లకొంగలు చేప పేగుల కోసం కొట్టుకుంటుంటే, ఆయన నా భుజం మీద చెయ్యేసి, "ఈ ఊళ్ళో దారడిగినా కథే చెప్పారు. తెలీదని చెప్పిన మనిషివి నువ్వొక్కడివే. సూటు రాగానే లాదీగ్ వెళ్తాను" అన్నారు.

నాకు ఆ రాత్రి జ్వరం వచ్చింది. నిజాలు నా ఒంటికి పడవనుకుంటా.

నీ తమ్ముడు
సెరాఫిన్

తా.క. ఆ అరిస్తీద్ ప్రాలాన్ వెళ్ళిపోయుంటాడులే. వదిలెయ్.

*

లాదీగ్

ఒరేయ్ సెరాఫిన్,

వెళ్ళిపోలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడిని పొయ్యి మీదేశానో లేదో, గేటు దగ్గర ఎద్దుబండి ఆగింది. అందులోంచి నల్లటోపీ దిగింది. వెనకాలే ఇంకో నల్లటోపీ దిగింది. ఇద్దరూ ఒకే పడవలో, ఒకే బండిలో వచ్చి, దారంతా ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోలేదట.

తియొడోర్ గారు కొత్త సూటులో బిగుసుకుని కూచుని, చదవాల్సిన కాగితం పద్ధతిగా చదివి, గాస్తోన్‌కి ఓదెట్‌ని అడిగారు. "మీ తమ్ముడు పెద్దగా మాట్లాడరు. మంచి లక్షణం" అన్నారు. నేను దగ్గు వచ్చినట్టు నటించాను. సరేనన్నాను. ఓదెట్ తలుపు తెరుచుకుని వచ్చి, అందరిముందూ రెండు పళ్ళేల పప్పు తింది.

అప్పుడు రెండో ఆయన లేచాడు. ఆయన చేతిలోనూ కాగితం. అడిగింది ఓదెట్‌ని కాదు. ఆక్టోపస్ కూర, సీమపనస చెట్లు, కారే పైకప్పు, అన్నీ వరసగా చదివి నన్నే అడిగాడురా.

"ఎవరు చెప్పారండీ మీకు ఇవన్నీ!" అని అరిచాను. "మీ సెరాఫిన్. గొంతెత్తరని కూడా చెప్పాడే" అన్నాడాయన. తర్వాత కిటికీలోంచి పెరడంతా చూసి, "మూడో సీమపనస చెట్టేదండీ?" అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది నువ్వెన్ని కోతలు కోశావో. 

నువ్వు కోతలరాయుడివని తియొడోర్ గారికి తెలిసిపోతే ఇప్పుడే అడిగిన పిల్లని వద్దనేస్తాడు కదా. రెండో ఆయన చెప్పిన పట్నం కబుర్లన్నీ విని, తియొడోర్ గారు గడ్డం గోక్కుని, "రాణి వాయిదాల్లో వస్తోందన్నాడా? మనవాడు అలా అనడు. పట్నంలో సెరాఫిన్‌లు ఇద్దరున్నారు" అని తేల్చేశారు. నేను అవుననలేదు, కాదనలేదు.

అరిస్తీద్ గారికి నిమ్మగడ్డి టీ ఇచ్చి, నాకలాంటి ఆలోచన లేదని చెప్పాను. "సరేనండీ" అన్నాడు. బుధవారం దాకా పడవ లేదు. సముద్రం దాటొచ్చిన మనిషిని వానలో నిలబెట్టలేను కదా. పెరట్లోని చుట్టింట్లో పడుకున్నాడు. పొద్దున లేచేసరికి పైకప్పు మీదున్నాడు.

ఎర్మాన్స్

తా.క. బుధవారం పడవ వెళ్ళిపోయింది. ఆయన మేకులు కొన్ని మిగిలాయన్నాడు. అయినా, ఊరికే అలా నవ్వుతాడేమిట్రా ఆ మనిషి? జబ్బా?

*

విక్టోరియా

అక్కా,

నీకు కోపం తగ్గిందో లేదో తెలీదు. అందుకని కల్పించినవేవో, నిజమేవో వరసగా చెప్పేస్తున్నాను.

గంట రెండుసార్లు కొట్టడం నిజం. నేను రెండో గంటకి వెళ్ళడం నిజం. కావాలని చెయ్యలేదు, ఒట్టు. నీ ఉత్తరం చూశాకే తెలిసిందన్నది కల్పన. గడియారం దగ్గరే తెలిసిపోయింది. ఆయన నవ్వి, కళ్ళు తుడుచుకుని, "నేను అరిస్తీద్‌ని, మీ పేరు?" అన్నాడు. వెంటనే ఓ పిల్లాణ్ణి జెల్మా దగ్గరికి పరిగెత్తించాను. ఆవిడ జెట్టీ మీదికి వెళ్ళేసరికి తియొడోర్ గారు లేరు. నేనూ అప్పుడే వదిలేసి వెతుక్కోవాల్సింది. వెతకలేదు. భార్య పోయిన మనిషి, చేతిలో పనున్న మనిషి, నా పాచి జోకులకి మోకాళ్ళు పట్టుకుని నవ్వుతున్న మనిషి. అలాంటివాణ్ణి ఊరికే మేకులిప్పించి పంపెయ్యనా? చెట్టు కింద నేను చెప్పిందంతా నీ గురించే. ఓదెట్‌కి ఆక్టోపస్ వండటం వచ్చా ఏమన్నానా?

ఆక్టోపస్ నిజం. ఇల్లు నిజం. చెట్లు రెండే, మూడోది బావ పోయిన ఏడు గాలికి పడిపోయింది, నాకు తెలుసు. గొంతెత్తవన్నది పచ్చి కల్పన, ఆయనకి ఈపాటికి తెలిసే ఉంటుంది. వాకబు చేశానన్నది కల్పన, నాకే అంతా చెప్పాడు. ప్రాలాన్ వెళ్ళిపోయుంటాడన్నది కల్పన. లాదీగ్ పడవ ఎక్కించింది నేనే. జ్వరం కల్పన. తియొడోర్ గారితో చెప్పినవన్నీ నిజాలు, వాటి జోలికి మళ్ళీ వెళ్ళను.

ఇంకొకటి మిగిలింది. నువ్వు తెగ నవ్వుతావని చెప్పాను. అదీ కల్పనే. బావ పోయాక నేను వినలేదు. దాన్నొక్కదాన్ని నువ్వు నిజం చేసిపెట్టావంటే, నా లెక్కలో ఒక అబద్ధం తగ్గుతుంది.

నీ తమ్ముడు
సెరాఫిన్

తా.క. గొడుగు దొరికిందన్నది కూడా కల్పన. అది నీ తలుపు వెనకాలే ఉంది, కిందటిసారి వచ్చినప్పుడు మర్చిపోయాను. అరిస్తీద్ తిరిగొస్తే ఆయనతో పంపు. రాకపోతే ఆయన్నే ఉంచుకోమను.