మందు తగ్గించిన తూటాలు

ఏమండీ, రివాల్వర్ కొంటానన్న భల్లాగారికి ఫోన్ చేసి, అమ్మడం లేదని చెప్పేయండి. వంకాయ కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. నేను షూటింగ్ క్లబ్బుకు వెళ్తున్నాను.

కోప్పడకండి. మణికట్టు నొప్పి భరించలేను, మానేస్తానన్నది నేనే. నిన్న ఇదే ఆఖరు అనుకుని వెళ్లాను. క్లబ్బులో తూటాలు నింపే చౌహాన్‌గారు, "దీదీ, మీ కోసం మందు తగ్గించి నింపాను. ఏక్ బార్ చలాకే దేఖియే," ఒక్కసారి కాల్చి చూడమన్నారు. బలం తగ్గితే గురి కూడా తప్పుతుందేమో అనుకుంటూనే కాల్చాను. చెయ్యి ఎగరలేదు. నొప్పి లేదు. దగ్గరికెళ్లి చూస్తే గురి అట్ట మీద చిల్లులన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి!

"ఇదేం తమాషా భయ్యా?" అన్నాను.

"ఇంతకుముందు మీరు చెయ్యి ఎగురుతుందన్న భయంతో ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునేవారు దీదీ," అని నవ్వారాయన.

ఇన్నేళ్లూ నాకే తెలియలేదు! నిజంగా అంతేనా, లేక ఆ తూటాల్లోనే ఏదైనా మర్మం ఉందా? రాత్రంతా అదే ఆలోచన. ఇవాళ పాత రకం రెండు, కొత్త రకం రెండు కాల్చి తేల్చుకోవాలి. కానీ నా కళ్లు నాకు కనబడవు కదా. మీరొచ్చి పక్కన నిలబడి చూడాలి. సాకేత్ మెట్రో దగ్గర ఆటో దొరుకుతుంది. నేను కాల్చడం మీరు ఒక్కసారైనా చూశారా అసలు?

- అనసూయ

చప్పుడంటే మీకు పడదని తెలుసు. చెవులకు పెట్టుకునేవి మీకూ ఒక జత తీసుకెళ్తున్నాను.