నల్ల రిబ్బను కట్టిన ఫోటో

ఉజుమాసా, క్యోటో
డిసెంబరు 3

అమ్మకి,

సదాకిచి దణ్ణం పెట్టి రాస్తున్నాను. నేనూ, నీ కోడలు ఫుసాయే కులాసాగానే ఉన్నాం. ఈ చలికి నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో, తమ్ముడు పడవ వేసుకుని వెళ్తున్నాడో లేదో రాయి.

నువ్వు పంపిన ఎండుచేపలు అందాయి. తింటున్నావా అని అడిగావు. తింటున్నాను, రుచి మాత్రం తెలియడం లేదు. నిన్న ఒక్కరోజే ఏడుసార్లు చచ్చాను. మామూలే, హీరో కత్తి తగలగానే కెమెరాకి వీపు పెట్టి పడిపోవడం. చివరిసారి పడ్డచోటే నిద్రపోయానట. "లేవయ్యా, శవాలక్కూడా భోజనం టైమయింది" అని అసిస్టెంటు డైరెక్టరు కుబోటా తట్టి లేపాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నాన్న అంత్యక్రియల రోజున ఎందుకు ఏడవలేదని అడిగావు. "సినిమావాడు కదా, డబ్బిస్తేగానీ కన్నీళ్ళు రావు" అని పక్కింటి మిసావో అత్త అందని రాశావు. ఆవిణ్ణి ఏమీ అనకు. నాకు నిజంగా ఏమీ అనిపించలేదమ్మా. ఇప్పటికీ అంతే. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుంది.

ఇక ఫోటో సంగతి. నాన్న నలభై తొమ్మిదో రోజు కర్మకి పూజ పీఠం మీద పెట్టాలి, కొత్త సంవత్సరానికి తమ్ముడు తీసిన ఆ నవ్వుమొహం ఫోటో పంపరా అని మూడు ఉత్తరాల్లో అడిగావు. వెతుకుతున్నానన్నాను. అబద్ధం. నా పెట్టెలోనే ఉంది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పై మూలల్లో గుండుసూది బెజ్జాలు కనపడతాయి. అక్కడ నల్ల రిబ్బను కట్టారు.

ఆగస్టులో మా స్టూడియోవాళ్ళు ఈ కాలపు కథ ఒకటి తీశారు. అందులో చావింట్లో పెట్టడానికి ముసలాయన ఫోటో కావాల్సి వచ్చింది. బతికున్నవాడి ఫోటోకి నల్ల రిబ్బను కడితే కీడని ఇక్కడ గట్టి నమ్మకం. అందుకని ఫోటోలో మనిషికి స్టూడియో చిన్న కవరు ఇస్తుంది. ఆ డబ్బుతో ఆ మనిషే సాకే కొనుక్కుని తాగి కీడు కడుక్కోవాలి. కుబోటా ఒక ముసలి నటుణ్ణి అడిగితే, "నీ బాబు ఫోటో పెట్టుకో పో!" అని మీదికొచ్చాడు. పక్కనే ఉన్నాను. "మా నాన్నది ఉంది, బదులుగా నాకో డైలాగు ఇప్పించు" అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

నాన్నని అడగలేదు. కవరు ఆయనకి పంపాలి, పంపితే ఎందుకో చెప్పాలి. ఆ సాయంత్రమే కుబోటా, నేను ఆ డబ్బుతో తాగేశాం. ఆయన తాగాల్సింది నేను తాగాను. అక్టోబరు నెలాఖరున నాన్న వలలు దులుపుతూ దులుపుతూ కూలిపోయాడు.

గుండె జబ్బని డాక్టరు చెప్పాడు. పిచ్చి ఆలోచనలు మానమని ఫుసాయే రోజూ పోరుతోంది. నేను కాదనడం లేదు. అయినా నేనే చేశాననిపిస్తోంది.

ఆ సినిమా వచ్చేవారం మియాజు హాలుకి వస్తోంది. "మీ నాన్న చూడలేకపోయాడు, ఆయన బదులు నేను చూస్తా" అంటూ మిసావో అత్తనీ, వీధి ఆడవాళ్ళనీ వెంటేసుకుని వెళ్తున్నానని రాశావు. నలుగురి మధ్యా ఆ ఫోటో చూసి నువ్వేమైపోతావోనని భయమేసింది. అందుకే ఈ ఉత్తరం. నా డైలాగు కోసం చూడకు, తీసేశారు. పీఠం ముందు తల వంచుకుని కూర్చున్న మనిషిని నేనే.

తిట్టాలనుంటే తిట్టు. ఇంటికి రావద్దంటే రాను. సినిమాకి వెళ్ళొద్దని మాత్రం అనను. సినిమాల్లోకొచ్చిన ఈ ఇరవై రెండేళ్ళలో నా మొహం ఒక్కసారైనా తెర నిండా పడలేదు. నాన్నది పడింది. తెరంతా ఆయనే, నవ్వుతూ. వెళ్తే మాత్రం అక్కడ కళ్ళు మూసుకోకమ్మా.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
సదాకిచి